కంబళ్ల అంగడి గడప

మా ఇంటికి వచ్చేవాళ్లు ముందుగా అడిగేది ఆ గడప గురించే. ఏడో అంతస్తులో లిఫ్టు దిగి ఎడమకు తిరిగితే మూడో తలుపు మాది. తలుపు ముందర, నున్నటి టైల్సు మీద, పాత వేపమాను గడప ఒకటి అడ్డంగా పడి ఉంటుంది. మా వాకిలికన్నా మూరెడు ఎక్కువ పొడుగు. నడవ ఊడ్చే అమ్మాయికి రోజూ కాలు తగులుతుంది, రోజూ తిట్టుకుంటుంది. నడవలో సామాన్లు పెట్టరాదని అపార్టుమెంటు సంఘంవాళ్లు రెండుసార్లు కాగితం అంటించారు. రెండుసార్లూ చించేశాను.

నా భార్య శుక్రవారం శుక్రవారం ఆ గడపకు పసుపు రాసి కుంకుమ బొట్లు పెడుతుంది. ఆ పని అయిందో లేదో కనుక్కోవడానికి ప్రతి శుక్రవారం పొద్దున అగళి నుంచి అత్త ఫోను చేస్తుంది. "పెట్టినారా?" అంటుంది. "పెట్టినామత్తా," అంటుంది నా భార్య. తర్వాత వాళ్లిద్దరూ వాన గురించి, మోకాళ్ల గురించి మాట్లాడుకుంటారు. ఆ వేళకు నేను స్నానాల గదిలోకి దూరి నీళ్లు గట్టిగా వదులుతాను. ఆ గడప మా ఇంటికి ఎందుకు వచ్చిందో నా భార్యకు ఇప్పటికీ తెలియదు. పెద్దావిడ ప్రేమగా ఇచ్చిందని చెప్పాను. ప్రేమగా ఇచ్చిన మాట నిజమే.

నేను దస్తావేజులు రాసేవాణ్ణి. ఎవరి చేనుకు ఎవరు తూర్పో, ఎవరి గోడకు ఎవరు పడమరో ముప్పై ఏళ్లకు పైగా రాస్తున్నాను. "మనస్ఫూర్తిగా, ఎవరి ప్రోద్బలమూ లేకుండా రాసి ఇచ్చినది" అనే ముక్క నా చేత్తో ఎన్ని వేలసార్లు రాశానో నాకే తెలియదు. ఇప్పుడు రాస్తున్నది మాత్రం ఎవరూ అడిగి రాయించుకుంటున్నది కాదు.

ఈ రెండు టవర్లు నిలబడిన చోట ఇరవై రెండు అంగళ్ల వరస ఉండేది. హిందూపురంలో బస్సు దిగి ఇటు నడిస్తే ముందు చింతపండు వాసన తగిలేది, ఆ తర్వాత బెల్లం, ఆ తర్వాత కుట్టుమిషన్లకు వేసే నూనె. అంగళ్లకు షట్టర్లు లేవు. నిలువు పలకలే తలుపులు. కింద గడపలో ఒక గాడి, పైన దూలంలో ఒక గాడి. పొద్దున ఒక్కో పలకా లాగి గోడకు ఆనించాలి, సాయంత్రం మళ్లీ వరస తప్పకుండా దించాలి. పలకల మీద సుద్దతో అంకెలు వేసి ఉండేవి. ఒక అంకె అటూ ఇటూ అయితే చివరి పలక పట్టదు, మళ్లీ మొదటికి రావాల్సిందే.

ఆ వరసలో ఇంకో పద్ధతి ఉండేది. గోడలూ కప్పూ ఇల్లుగలవాళ్లవి. గడప మాత్రం బాడుగకున్నవాళ్లది. అంగడి పెట్టేటప్పుడు ఎవరి గడప వాళ్లు వడ్రంగితో చేయించుకునేవాళ్లు, ఖాళీ చేసేటప్పుడు పెరికి బండి మీద వేసుకుపోయేవాళ్లు. కొత్తచోట ఆ గడప పాతి, పూజ చేశాకే బోణీ. బాడుగలకు రాతకోతలు లేవు. తాంబూలం ఇచ్చి పుచ్చుకుంటే సరిపోయేది. వరస చివర వసారాలో బల్ల వేసుకుని మా నాయన, ఆయన తర్వాత నేను, ఊరందరి కాగితాలూ రాశాం గానీ ఆ వరసలో ఒక్కరికంటే ఒక్కరికి బాడుగ పత్రం రాసిన పాపాన పోలేదు. మా కళ్లముందు ఉన్నవాళ్లకు కాగితం ఎందుకులే అనుకున్నాం.

నడిమధ్య అంగడి ఆ ఫోను చేసే అత్తది. మాకు రక్తసంబంధం లేదు. మా నాయన ఆమె భర్తను బావా అని పిలిచేవాడు, అందుకని ఆమె నాకు అత్త. కంబళ్లు, గొర్రెల మెడలకు కట్టే గంటలు, ఉన్ని కత్తెరలు, పలుపుతాళ్లు అమ్మేది. భర్త పోయాక ఒక్కతే నడిపింది. సంతరోజు పరిగి వైపు నుంచీ మడకశిర వైపు నుంచీ గొర్రెలవాళ్లు వచ్చి ఆమె గడప మీద కూర్చుని చద్దిమూట విప్పేవాళ్లు. గంట కొనేవాడు దాన్ని అంగట్లో వాయించి చూసేవాడు కాదు. గడప దిగి, వీధిలో నాలుగడుగులు వేసి, చెవి పక్కన పెట్టుకుని ఊపేవాడు. బస్సుల మోతలో, జనం గోలలో ఆ గంట వినబడితేనే గుట్టమీద గాలిలో వినబడుతుందని లెక్క. ఒక్కొక్కడు పది గంటలు ఊపి ఒకటి ఏరుకునేవాడు. ఆమె విసుక్కునేది కాదు.

అత్త పుట్టిల్లు కర్ణాటక అంచున ఉన్న అగళి. బడిలో ఏడో తరగతి దాకా కన్నడం చదివింది. తెలుగు నోటికి వచ్చు, కంటికి రాదు. నేను బడికి పోయే రోజుల్లో మధ్యాహ్నంపూట బేరాలు లేనప్పుడు గడప మీద కూర్చోబెట్టుకుని పలక మీద సుద్దతో నాకు కన్నడం అక్షరాలు దిద్దించింది. దానికి బదులు, తెలుగులో వచ్చే కాగితాలన్నీ నేను చదివి చెప్పాలి. కరెంటు బిల్లు, పెండ్లి పత్రిక, మునిసిపాలిటీ నోటీసు, ఏది వచ్చినా నాకే. ఆ ఒప్పందం ఆమె జుట్టు తెల్లబడేదాకా నడిచింది. నేను చదివి చెప్పింది నిజమా కాదా అని ఆమె ఒక్కనాడూ ఇంకొకరిని అడగలేదు.

పెనుకొండ దగ్గర కార్ల ఫ్యాక్టరీ వచ్చాక మా ఊరి స్థలాల మీద అందరి కళ్లూ పడ్డాయి. ఇల్లుగలాయన పిల్లలు బెంగళూరులో స్థిరపడ్డారు. వాళ్లు ఒక బిల్డరుతో ఒప్పందం చేసుకున్నారు. పాత వరస పడగొట్టి రెండు టవర్లు లేపుతారట, కింద మూడు అంతస్తులు దుకాణాలట, పైన ఇళ్లట. బిల్డరు మనిషి ఒకాయన, మేనేజరు, తెల్ల కారులో వచ్చాడు. ఆయనకు తెలుగు రాదు. నేను కన్నడంలో పలకరించేసరికి ముఖం విప్పారింది. "ఈ వరసలో అందరూ మీ మాట వింటారట కదా," అన్నాడు కన్నడంలోనే.

దాచడమెందుకు, ఆ మాటకు ఉబ్బిపోయాను. ముప్పై ఏళ్లు వసారాలో విరిగిన కుర్చీలో కూర్చున్నవాణ్ణి ఒక మనిషి కారులో కూర్చోబెట్టుకుని, ఏసీ వేసి, నక్షా విప్పి చూపించాడు. అందరి చేతా సంతకాలు పెట్టిస్తే ఏడో అంతస్తులో ఒక ఇల్లు సగం ధరకు ఇప్పిస్తానన్నాడు. నా భార్య ఎన్నాళ్లుగానో లిఫ్టు ఉన్న ఇల్లు కావాలంటోంది. ఆ సాకు అప్పుడు నాకు బాగా అక్కరకొచ్చింది. నిజానికి ఆ ఇల్లు కావాల్సింది నాకు. మా వీధిలోవాళ్లు తలెత్తి నా కిటికీ చూడాలని నాకుండేది.

ఆ నక్షాలో అత్త అంగడి ఉన్నచోట కార్లు నేలకిందికి దిగే దారి గీసి ఉంది. నేను చూశాను. వేలు పెట్టి మరీ అడిగాను. "ఇక్కడ ఉండే ఆమెకు?" అన్నాను. "మూడో అంతస్తులో ఎక్కడో ఒకచోట సర్దుతాం," అన్నాడు మేనేజరు. కాగితంలో రాసింది ఇంకా నీళ్లు నమిలినట్టుంది. "లభ్యతను బట్టి ప్రత్యామ్నాయ స్థలము" అని. అటువంటి మాటలకు అర్థం ఏమిటో ఊళ్లో అందరికన్నా నాకే బాగా తెలుసు. ఎన్ని దస్తావేజుల్లో నేనే రాయలేదు!

ఇరవై ఒక్క మంది సంతకాలకు ఒప్పేసుకున్నారు. కొందరికి డబ్బు అవసరం, కొందరి కొడుకులు ఆ వ్యాపారం తాము చేయలేమన్నారు, కొందరు పక్కవాడు ఒప్పుకున్నాడని ఒప్పుకున్నారు. అత్త ఒక్కతే కాగితం పట్టుకుని మూడు రోజులు కూర్చుంది. నాలుగోరోజు నా బల్ల దగ్గరకు వచ్చింది.

"చూడప్పా," అంది. "నా గడప మల్ల కిందనే, వీధిలోకే పెట్టిస్తారా? అదొక్కటే నాకు కావాల్సింది. గొర్రెలోడు మెట్లెక్కి వస్తాడా? గంట యాడ వాయిస్తాడు?"

"పెట్టిస్తారత్తా," అన్నాను.

"నువ్వు చెప్తే సరేలే. అయినా పెనుకొండలో మా ఆయన చేను వ్యాజ్యం చూసిన లాయరు ఉండాడు గదా, ఆయన చేత ఒకసారి సదివిద్దాం. నీమీద నమ్మకం లేక కాదప్పా. ఈ వయసులో నాకు భయం పట్టుకునింది."

మరుసటి రోజు ఇద్దరం బస్సెక్కాం. కాగితాన్ని ఆమె గుడ్డసంచిలో పెట్టుకుంది. లాయరుకు ఇవ్వడానికి కొత్త కంబడి ఒకటి మడిచి ఒళ్లో పెట్టుకుంది, నల్ల ఉన్నిది, అంచున తెల్లగీత ఉన్నది. దారి పొడుగునా ఆ లాయరు మంచితనం చెప్పింది. ఆ కాలంలో తన దగ్గర డబ్బు లేకపోతే వ్యాజ్యం అయ్యేదాకా ఒక్క మాట అనలేదట. పెనుకొండలో దిగేసరికి ఎండ చుర్రుమంటోంది. కోర్టు దగ్గర టీ అంగడి బెంచీ మీద ఆమె కూలబడింది.

"మోకాళ్లు పట్టేసినాయప్పా. ఆ మెట్లు నేను ఎక్కలేను. నువ్వే పోయి సదివించుకోని రా. గడప సంగతి రాసిండారా లేదా, అదొక్కటి అడుగు."

కాగితం, కంబడి తీసుకుని వెళ్లాను. మూల తిరిగితే లాయరు బోర్డు. ఆఫీసు పైన మేడ మీద. మెట్ల కింద నిలబడ్డాను. పైన ఎవరో దగ్గుతున్నారు, ఫ్యాను తిరుగుతోంది, ఆయన ఉన్నాడు. నాలుగు మెట్లు ఎక్కాను. ఆయన చదివితే మొదటి పేజీలోనే పట్టుకుంటాడు. "ఇది సంతకం పెట్టొద్దమ్మా," అంటాడు. ఆమె పెట్టదు. ఇల్లు పోతుంది. ఇంత లెక్కా ఆ నాలుగు మెట్ల మీదే తేల్చుకున్నాను. ఐదో మెట్టు ఎక్కలేదు.

కిందికి దిగి చెరుకురసం బండి దగ్గర నిలబడ్డాను. కొండ మీద కోటగోడ వైపు చూస్తూ ఒక గ్లాసు తాగాను, ఇంకో గ్లాసు తాగాను. చేతిలో కంబడి ఒకటి, దాన్ని ఏం చేయాలి? వెనక్కి తీసుకుపోలేను. గోడవార ఒక ముసలాయన చేయి చాపుకుని కూర్చుని ఉంటే ఆయన ఒళ్లో వేశాను. అంత ఎండలో కంబడి ఇచ్చినందుకు ఆయన బిత్తరపోయాడు. ఆ తర్వాత రెండు చేతులూ ఎత్తి, చల్లగా ఉండమని నన్నూ నా పిల్లలనూ దీవించాడు. ఇప్పటికీ ఎవరైనా చల్లగా ఉండు అంటే నేను అక్కణ్ణుంచి కదిలిపోతాను.

అత్త దగ్గరకు తిరిగి వెళ్లాను. టీ నాకోసం ఒక గ్లాసు చెప్పి ఉంచింది, చల్లారిపోయింది.

"ఏమన్నాడప్పా?"

"అంతా సరిగానే ఉందన్నాడత్తా. పెట్టమన్నాడు."

"గడప సంగతి?"

"రాసిండారంట. కిందనే. వీధిలోకే."

"కంబడి?"

"తీసుకున్నాడు. నిన్ను అడిగినానని చెప్పమన్నాడు."

ఆ చివరి మాట ఎవరూ నన్ను అడగలేదు. నేనే కలిపి చెప్పాను. అది వినగానే ఆమె ముఖంలో వచ్చిన వెలుగు నేను చూశాను. బస్సులో నా భుజం మీద తలవాల్చి హిందూపురం దాకా నిద్రపోయింది.

సంతకాలరోజు మేనేజరు ఊరి పద్ధతిలోనే చేద్దామన్నాడు. పద్ధతి ఏమిటో చెప్పింది నేను. తాంబూలం ఇస్తే ఇంక ఎవరూ వెనక్కి పోరని చెప్పిందీ నేనే. ఆ వరసలో ఆడమనిషి అత్త ఒక్కతే కాబట్టి ఆమెకు చీర కూడా పెట్టాలని ధర్మవరం వెళ్లి మామిడిపండు రంగు పట్టుచీర తెచ్చాను. మగ్గం ఇంట్లో అరడజను చీరలు విప్పించి, ఆమె ఒంటికి ఏది నప్పుతుందా అని గంటసేపు ఏరాను. అబద్ధం చెప్పినవాడికి చీర రంగు మీద అంత శ్రద్ధ ఎందుకో నాకు అర్థం కాదు. తమలపాకులు, వక్కలు, చీర పళ్లెంలో పెట్టి నా చేతులతో ఇచ్చాను. ఆమె కళ్లకద్దుకుని తీసుకుంది. కన్నడం అక్షరాల్లో, గుండ్రంగా, తొందర లేకుండా సంతకం చేసింది. నాకు దిద్దించిన అక్షరాలే అవి.

"ఈ చీర ఇప్పుడు కట్టనప్పా," అంది. "నా గడప మల్ల పెట్టిననాడు కడతా."

పడగొట్టే ముందు తక్కినవాళ్లు గడపలు పట్టించుకోలేదు. ఒకరిద్దరు వంటచెరుకు కింద తీసుకుపోయారు. అత్త మాత్రం మేస్త్రీని పిలిచి, గోడ విరిగినా ఫరవాలేదు గడప విరగకూడదని చెప్పి, పక్కనే నిలబడి పెరికించుకుంది. పద్నాలుగు పలకలకు అంకెలు చెరిగిపోకుండా రంగుతో దిద్దించింది. అన్నీ లారీలో వేయించుకుని అగళికి, తమ్ముడి ఇంటికి పోయింది. మూడేళ్లు సంతల్లో పట్ట పరుచుకుని గంటలు అమ్ముకుంది. సంతకు వచ్చినప్పుడల్లా లేస్తున్న పిల్లర్ల వైపు చూసి, "ఇంగ ఎన్నాళ్లప్పా?" అని అడిగేది. "అయిపోతోందత్తా," అనేవాణ్ణి. నిజమే కదా, అయిపోతూనే ఉంది.

ప్రారంభోత్సవానికి ఆమెకు కబురు పంపొద్దని మేనేజరుతో చెప్పాను. ఎవరు చెప్పారో, వచ్చింది. గేటు ముందు పూల తోరణాలు, పాటలు. నేను కొత్త చొక్కా తొడుక్కుని, జేబుకు రిబ్బను పువ్వు పెట్టుకుని, వచ్చినవాళ్లకు పన్నీరు చల్లుతున్నాను. ఒక లగేజీ ఆటో వచ్చి సరిగ్గా కార్లు దిగే దారి ముందర ఆగింది. అంటే అత్త అంగడి ముందరే. ఆమె దిగింది. మామిడిపండు రంగు చీర కట్టుకుంది, మడతలు కూడా విడిపోలేదు. ఆటోలో కంబడి చుట్టిన గడప, దాని మీద పలకలు.

గార్డు ఆపాడు. "ఇక్కడ దించకూడదమ్మా, కార్లు వచ్చే దారి," అన్నాడు.

"ఇది నా అంగడి తావప్పా," అంది ఆమె. "ఆడ ఉండాడే, ఆయన్ను అడుగు. లాయరు చేత సదివించినోడు ఆయనే."

గార్డు నావైపు చూశాడు. మేనేజరు చూశాడు. ఊళ్లో పెద్దమనుషులంతా చూశారు. పన్నీరుబుడ్డి చేతిలో పట్టుకుని నేను అన్న మాట ఇది. "వెనక గేటు నుంచి తీసుకురండి. సామాన్ల లిఫ్టు అటువైపు ఉంది." అంతే అన్నాను. అత్తా అని కూడా పిలవలేదు.

ఆమెకు కేటాయించింది మూడో అంతస్తులో లోపలి వరస, కడపటి గది. అద్దాల తలుపు, నేలకు పాలరాయి. ఇద్దరు కూలీలు గడప మోసుకొచ్చి తలుపు ముందర పెడితే అద్దం తెరుచుకోలేదు. పక్కకు పెడితే నడవకు అడ్డం. ఆమె కాసేపు అటూ ఇటూ చూసింది. సంచిలోంచి ఒక గంట తీసింది. గది దాటి నడవలోకి వెళ్లి, నాలుగడుగులు వేసి, చెవి పక్కన పెట్టుకుని ఊపింది. పైన ఏసీ రొద, స్పీకర్లలో పాట. గోడలు ఆ శబ్దాన్ని తిప్పి తిప్పి కొట్టాయి. ఏ గంటైనా అక్కడ ఒకేలా మోగుతుంది. ఆమె గంటను మెల్లగా సంచిలో పెట్టేసింది.

అప్పుడు నావైపు తిరిగింది. నేను తల వంచుకున్నాను. తిడుతుందనుకున్నాను. నిజం చెప్పాలంటే తిట్టాలనే కోరుకున్నాను.

"లాయరు గూడా అబద్ధం చెప్పినాడా అప్పా?" అంది.

అది నాకు దొరికిన ఆఖరి అవకాశం. లేదత్తా, నేను మెట్లు ఎక్కలేదు అనాలి. ఎంత చిన్న మాట అది!

"అవునత్తా," అన్నాను.

ఆమె నా చేయి పట్టుకుంది. "పాపం, నిన్ను గూడా మోసం చేసినాడే," అంది. "కంబడి గూడా తీసుకున్నాడు గదప్పా. అంత మంచోడు! కాలం ఎట్ల మారిపోయె చూడు." నేను ఏడుస్తున్నానని అప్పుడు తెలిసింది నాకు. ఆమె తన కొత్తచీర చెంగుతో నా ముఖం తుడిచింది. ఊరుకో అప్పా, నువ్వేం చేస్తావు, నువ్వు సదివించినావు, ఆయన చెప్పినాడు, అని సముదాయించింది. తప్పు చేసినవాణ్ణి ఓదారుస్తుంటే వాడికి ఎలా ఉంటుందో నేను చెప్పలేను. తల కొట్టేసినట్టుంది అంటారు కదా, తల ఉండి అలా ఉండటం ఇంకా కష్టం.

పోయేముందు గడప సంగతి వచ్చింది. "మల్ల అగళికి మోయించలేనప్పా. నీకు ఈడనే పైన ఇల్లు ఇచ్చినారంట గదా. నీ వాకిట్లో పెట్టుకో. నా అంగడి ఉన్న తావే గదా, ఎంత పైకి పోయినా. శుక్రవారం పసుపు మాత్రం మానొద్దు." పలకలను ఆటో ఆయనకే ఇచ్చేసింది. ఆ గదికి బదులు ఏదో కొద్దిగా డబ్బు ఇప్పించి మేనేజరు ఆ లెక్క మూసేశాడు. అత్త అంగడి మళ్లీ ఎక్కడా పెట్టలేదు.

ఆమెకు నిజం చెప్పాలని రెండుసార్లు అగళికి పోయాను. మొదటిసారి ఆమె ఇరుగుపొరుగును పిలిచి, "నన్ను లాయరు దగ్గరికి తోడుకోని పోయింది ఈ అబ్బే, బంగారట్ల మనిషి," అని పరిచయం చేసింది. భోంచేసి వచ్చేశాను. రెండోసారీ భోంచేసే వచ్చాను.

పోయిన వారం ఆమె ఫోను చేసి, తమ ఊరి ఆడమనిషి ఒకామె వస్తుంది, కాగితం చదివి చెప్పమంది. వాళ్ల చేను సోలారు పలకల కంపెనీవాళ్లు కౌలుకు అడుగుతున్నారట. "నీకన్నా నమ్మకస్తుడు హిందూపురంలో లేడని చెప్పినా," అంది.

వచ్చింది ముప్పై ఏళ్ల మనిషి, గొర్రెలు మేపుకునే ఇంటి కోడలు. లిఫ్టుకు భయపడి ఏడు అంతస్తులూ ఎక్కి వచ్చింది. గడప చూడగానే ఆగింది, వంగి చేత్తో తాకి కళ్లకద్దుకుంది, కాలు తగలకుండా దాటి లోపలికి వచ్చింది. ఈ ఇంటికి వచ్చిన వాళ్లలో అలా చేసింది ఆమె ఒక్కతే.

కాగితం మూడుసార్లు చదివాను. ప్రతి ముక్కా విడమరిచి చెప్పాను. పద్ధతిగానే ఉంది, అయినా చెప్పాను. "నేను చెప్పింది నమ్మి సంతకం పెట్టొద్దమ్మా. పెనుకొండలో లాయరు ఉన్నాడు, ఆయనకు చూపించు. ఇంకొకరిని పంపించొద్దు. ఎన్ని మెట్లున్నా నువ్వే ఎక్కి పో."

"మీరుండంగా లాయరు ఎందుకు సార్?" అని నవ్వింది. "అవ్వ చెప్పింది, మీరు శానా మంచోళ్లని. మంచోళ్లు ఇట్లే అంటారులే."

లాయరు చిరునామా కాగితం వెనకాల రాసిచ్చాను. ఆమె గడప దాటి మెట్ల దాకా పోయింది. నేను వెనకాలే పోయి పిలిచాను.

"మీ అవ్వకు ఒక మాట చెప్పు."

"ఏం చెప్పల్ల సార్?"

"ఆ లాయరు తప్పేం లేదని చెప్పు. ఆయన అబద్ధం చెప్పలేదని చెప్పు."

ఆమె ఆ మాటలు మరిచిపోకుండా ఒకసారి తనలో తాను అనుకుంది. "లాయరు తప్పు లేదంట, అబద్ధం చెప్పలేదంట. సరే సార్, చెప్తా," అని కిందికి దిగింది. ఆమె చెప్పుల చప్పుడు చివరి మెట్టు దాకా విన్నాను. లాయరు కాకపోతే మిగిలింది ఎవరో అత్తకు లెక్క వేసుకోవడం కష్టం కాదు. ఇద్దరమే కదా.

నిన్న శుక్రవారం. నేను స్నానాల గదిలోకి పోలేదు. ఫోను పక్కనే పెట్టుకుని కూర్చున్నాను. నా భార్య గడపకు పసుపు రాసింది, బొట్లు పెట్టింది, చేతులు కడుక్కుని వచ్చింది. మధ్యాహ్నం దాకా చూసి, "ఈ వారం అత్త ఇంకా ఫోను చేయలేదేం?" అని అడిగింది.